ఇచ్చే చెయ్యి ఊరిదైతే

వరద వస్తే దుప్పట్లు వస్తాయి, నీళ్లు తీశాక ఇచ్చినవాళ్లూ వెళ్లిపోతారు. ఏడాదిలో మిగిలిన రోజుల కష్టాలకి ఎవరిని అడగాలో తెలియదు. గోదావరి పక్కన, రెండు రాష్ట్రాల హద్దులో ఉన్న తర్లగూడ లాంటి ఊరు తన నిధిని తానే పెట్టుకోగలదా? పేద ఊరు దాత కాగలదా? కాగలదని చూపించిన ఊళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి వరంగల్, ములుగు, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కుతుంది. అవతలి ఒడ్డున వాజేడు మండలం. టేకులగూడెం దాకా తెలంగాణ. అది దాటాక వచ్చే తర్లగూడ ఛత్తీస్‌గఢ్‌ది: బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం తహసీలు. బోర్డుల మీద లిపి మారుతుంది, రేషన్ ఇచ్చే సర్కారు మారుతుంది. మాట మాత్రం అంత తొందరగా మారదు. ఒకప్పటి బస్తర్ సంస్థానంలోని ఈ దక్షిణపు కొసలో దోర్ల, కోయ కుటుంబాలకి తెలుగు సంత భాష, చుట్టరికాల భాష. ఒకే ఇంటి ఆడపడుచులు కొందరు ఇటు, కొందరు అటు.

చుట్టరికానికి హద్దు లేదు. సాయానికి ఉంది.

2022 జూలైలో ఆ తేడా నీళ్ల మీద కనిపించింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. టేకులగూడెం దగ్గర రహదారి మునిగి రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం ముంపుకి గురైన కుటుంబానికి 10,000 రూపాయలు, రెండు నెలలపాటు 20 కిలోల చొప్పున బియ్యం ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్ వైపు సాయం రెవెన్యూ బుక్ సర్క్యులర్ 6-4లోని లెక్కల ప్రకారం నడుస్తుంది. నది ఒకటే, ముంపు ఒకటే, ఖాతా పుస్తకాలు మాత్రం రెండు. తప్పు ఏ ప్రభుత్వానిదీ కాదు. ఏ సర్కారు డబ్బయినా ఆ సర్కారు హద్దు దాకానే వెళ్తుంది.

బతుకు ఆ హద్దుని రోజూ దాటుతూనే ఉంటుంది. మిరప కోతల కాలంలో బస్తర్ కూలీలు గుంపులు గుంపులుగా తెలంగాణ తోటలకి వస్తారు. చాలాచోట్ల కూలి కింద మిరపకాయలే కొలిచి ఇస్తారు. 2005లో మావోయిస్టులకి ఎదురుగా సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఊళ్లు వదిలి వచ్చిన కుటుంబాలు హద్దుకి ఇటువైపు అడవుల్లో గూడేలు కట్టుకున్నాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది దూరంలో ఉండగా కన్నుమూసిన 12 ఏళ్ల అమ్మాయి వార్త దేశమంతా చదివింది. ఆ తర్వాత పరిహారాలు ప్రకటించారు, దాతలు ముందుకొచ్చారు. ఆ మూడు రోజుల్లో, దారిలో ఎక్కడో ఒకచోట ఒక బండికి డీజిల్ పోయించే అధికారం ఉన్న మనిషి ఒక్కరు ఉంటే సరిపోయేది. అలాంటి మనిషికి అలాంటి అధికారం ఇచ్చే నిధి ఈ దారిలో లేదు.

ఈ కథనం ఆ నిధి గురించి.

ఇవ్వడం ఇక్కడ కొత్త కాదు

గిరిజన ఊళ్లని మనం ఎప్పుడూ పుచ్చుకునే చోటుగానే చూస్తాం. దుప్పట్లు, చీరలు, పలకలు, సోలార్ దీపాలు అన్నీ పట్నం నుంచి అడవికే వెళ్తాయి. కానీ ఇచ్చే అలవాటు ఇక్కడ పాతది. ఊరి కొలుపుకి ఇంటికి ఇంత అని పోగవుతుంది. ఇల్లు కాలితే వాసాలు, గడ్డి తలా ఒక చెయ్యి వేసి తెస్తారు. చావు జరిగిన ఇంటికి బియ్యంతో వెళ్తారు. భూమి పండగ రోజుల్లో భద్రాచలం, చింతూరు ఏజెన్సీ రోడ్ల మీద వెళ్లినవాళ్లకి తెలుసు: ఆడవాళ్లు రేల పాటలు పాడుతూ రోడ్డుకి అడ్డంగా నిలబడి, వచ్చే పోయే బండ్ల దగ్గర పండగ డబ్బు తీసుకుంటారు. ఊరంతటి ఖర్చుకి ఊరంతా కలిసి డబ్బు సమకూర్చుకోవడం ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు.

రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర చూడండి. సమ్మక్క, సారలమ్మ గద్దెల దగ్గర బెల్లమే బంగారం. నిలువెత్తు బంగారం తూచి ఇచ్చేవాళ్లలో ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా నుంచి వచ్చిన ఆదివాసులూ ఉంటారు. 2024 జాతర హుండీలు లెక్కపెడితే ఆదాయం 12 కోట్ల రూపాయలు దాటింది. అదంతా పెద్ద నోట్లే కాదు. పది, ఇరవై, యాభై నోట్లూ, చిల్లరా రోజుల తరబడి లెక్కపెట్టాల్సి వస్తుంది. చిన్న చేతులు కలిస్తే ఎంత పోగవుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

ఆఫ్రికాలో ఇదే సంగతిని పరిశోధకులు పనిగట్టుకుని చూశారు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం తరఫున దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, మొజాంబిక్ దేశాల్లో పేదవాళ్లు ఒకరికొకరు ఎలా సాయం చేసుకుంటారో పరిశీలించి 2005లో 'ది పూర్ ఫిలాంత్రోపిస్ట్' అనే పుస్తకం తెచ్చారు. సాయం పైనుంచి కిందికి మాత్రమే పారదని, పేదల మధ్య అడ్డంగా పారే సాయమే వాళ్లని నిలబెడుతోందని అందులో తేలింది. బయటి సంస్థలు వచ్చినప్పుడు ఈ పాత ఏర్పాటుని పట్టించుకోకుండా కొత్తది తెచ్చి పెడతాయి. అవి వెళ్లిపోయాక కొత్తదీ ఉండదు, పాతదీ బలహీనపడుతుంది.

మరి లోపం ఎక్కడుంది? ఊళ్లో పోగయ్యే డబ్బు ఆ పండగకి, ఆ చావుకి, ఆ వారానికి ఖర్చయిపోతుంది. వచ్చే ఏడాదికి నిలవదు. పొరుగూరికి చేరదు. ఆ డబ్బుకి ఒక ఖాతా, ఒక కమిటీ, ఒక నియమం ఉంటే దాన్నే ప్రపంచం కమ్యూనిటీ ఫౌండేషన్ అంటోంది.

ఒక బ్యాంకరు బెడద

ఈ ఏర్పాటు పుట్టింది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, 1914 జనవరి 2న. పుట్టించినవాడు ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు. చనిపోయిన ధనవంతులు రాసిపెట్టిన వీలునామాలు ఆయనకి పెద్ద బెడద అయ్యాయి. ఏనాడో ఒక అవసరం కోసం డబ్బు రాసి పోతారు. కాలం మారి ఆ అవసరం తీరిపోతుంది. డబ్బు మాత్రం వాడటానికి వీల్లేకుండా బ్యాంకులో పడి ఉంటుంది. గాఫ్ ఆలోచన సులువైనది. అందరి డబ్బూ ఒకచోట వెయ్యండి. అసలుని బ్యాంకు కాపాడుతుంది. వడ్డీని ఏ అవసరానికి ఖర్చుపెట్టాలో ఆ నగరంలో ఉంటున్న కొందరు పౌరుల కమిటీ ఎప్పటికప్పుడు తేలుస్తుంది. కోటీశ్వరుడైనా, పది డాలర్లు ఇచ్చినవాడైనా ఒకే నిధికి దాతలు.

మొదట్లో ఆ నిధిలో చెప్పుకోదగ్గ డబ్బే లేదు. అందుకని క్లీవ్‌లాండ్ వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నగరంలోని బడులు ఎలా ఉన్నాయి, కోర్టులూ పోలీసులూ ఎలా పనిచేస్తున్నారు అని సర్వేలు చేయించారు. డబ్బు రాకముందే ఊరికి ఏం కావాలో తెలుసుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి ఫౌండేషన్లు వందల్లో ఉన్నాయి.

బస్తర్‌కి ఫౌండేషన్ అనే మాట కొత్త కాదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. బైలదిల్లా ఇనుప గనులున్న దంతెవాడకి ఆ దారిన పెద్ద నిధులే వస్తున్నాయి. అయితే అది గనుల యజమానులు చట్టం ప్రకారం కట్టే డబ్బు. నిర్ణయాలు జిల్లా యంత్రాంగం చేతుల్లో ఉంటాయి. ఊరివాడు అందులో లబ్ధిదారుడే తప్ప దాత కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది వేరే సంగతి.

పోచంపల్లి చెప్పిన రెండు పాఠాలు

మన దాన చరిత్ర ఎక్కువగా వ్యక్తుల చరిత్ర. లంకల గన్నవరంలో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మని వందేళ్లు దాటినా తలుచుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. అంతటి మనిషి ప్రతి ఊళ్లో, ప్రతి తరంలో పుట్టాలంటే కష్టం. మనిషి పోయినా ఆగని ఏర్పాటు కావాలి.

అలాంటి ప్రయత్నం తెలుగు నేల మీదే జరిగింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేని 80 ఎకరాలు ఇప్పించమని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలై దేశమంతా పాకింది. లక్షల ఎకరాలు కాగితం మీద దానమయ్యాయి. ఆ తర్వాతి కథ అంత బాగా లేదు. కొన్ని సాగుకి పనికిరాని భూములు, కొన్ని తగాదాల్లో ఉన్నవి, కొన్ని ఏనాటికీ పంచనివి. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం తెచ్చినా, హైదరాబాద్ చుట్టూ భూదాన భూముల ఆక్రమణల మీద ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి. పోచంపల్లి మొదటి పాఠం, అడిగితే ఇచ్చే మనసు మనవాళ్లలో ఉంది. రెండోది, ఇచ్చినదాన్ని పట్టుకుని కాపాడే సంస్థ బలంగా లేకపోతే ఆ మనసు వృథా అవుతుంది.

వినోబా తర్వాత గ్రామదానానికి మళ్లారు. దాని సులభ రూపంలో ఒక చక్కని లెక్క ఉంది. రైతు పంటలో నలభయ్యో వంతు, కూలి మనిషి నెలలో ఒక రోజు కూలి ఊరి నిధిలో వెయ్యాలి. భూమి ఉన్నవాడూ లేనివాడూ ఇద్దరూ దాతలే. ఈ సూత్రంలోని గొప్పదనం అక్కడే ఉంది. ఇవ్వడం నుంచి ఎవర్నీ మినహాయించలేదు.

అది పుస్తకాల్లోనే మిగిలిపోలేదు. భోపాలపట్నం నుంచి నది దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. దాని దక్షిణాన సిరొంచా వైపు తెలుగు వినిపిస్తుంది, ఉత్తరాన ధనోరా తాలూకాలో మేంఢా అనే గోండు ఊరుంది. పక్కనున్న లేఖాతో కలిపి మేంఢా-లేఖా అంటారు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సంపాదించింది. 2011లో తన వెదురుని తానే అమ్ముకునే హక్కు సాధించింది. 2013లో ఊళ్లోవాళ్లంతా తమ సొంత భూముల్ని గ్రామసభకి దానం ఇచ్చి గ్రామదాన గ్రామమయ్యారు. సంపాదనలో కొంత భాగం ఊరి నిధిలో వెయ్యడం అక్కడి అలవాటు. ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకునేదాకా చర్చించడం అక్కడి నియమం. ఢిల్లీలో, ముంబైలో మా ప్రభుత్వం ఉంది, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అన్నది వాళ్ల ధోరణి. దోర్ల ఊళ్లకి గోండు ఊరు పరాయిది కాదు. ఒకే నదుల పక్కన, ఒకే అడవిలో బతికే మనుషులు.

పిడికెడు బియ్యం చేసిన పని

ఇవ్వడానికి డబ్బు కూడా అక్కర్లేదని మిజోరం ఆడవాళ్లు చూపించారు. 1910 నుంచి అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి స్త్రీలు వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తున్నారు. ఆ బియ్యాన్ని పోగుచేసి అమ్ముతారు. నూరేళ్లు దాటిన ఈ అలవాటు ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు తెచ్చిపెడుతోంది. మొదట్లో వాళ్లు ధనవంతులేం కాదు. బియ్యం తప్ప ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు.

తెలుగు నేల మీద ఇలాంటి ఆలోచనకి జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు మరో రూపం ఇచ్చారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊరి ధాన్య నిధులు నడిపారు. ఎవరి ఇంట్లో ఆకలి ఎంతుందో ఊరివాళ్లే కూర్చుని తేల్చి, దాన్నిబట్టి తక్కువ ధరకి జొన్నలిచ్చేవారు. సర్కారు పేదరికపు జాబితా కన్నా ఊరి ఆడవాళ్ల జాబితా నమ్మకంగా ఉండేది. ఎవరి పొయ్యి వెలగలేదో పక్కింటావిడకి తెలుస్తుంది కదా.

అనంతపురం హెచ్చరిక

బయటి డబ్బు ఎంత చెయ్యగలదో చూడాలంటే అనంతపురం వెళ్లాలి. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ మొదలుపెట్టిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు, ఆర్డీటీ, వేల ఇళ్లు కట్టింది, బడులు నడిపింది, బత్తలపల్లి, కల్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు పెట్టింది. ఆ డబ్బులో చాలా భాగం స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలే. 2009లో ఫెర్రర్ పోయినప్పుడు అనంతపురం సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు ఏడ్చింది.

2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడేసరికి జిల్లా కలవరపడింది. ఆర్డీటీని కాపాడాలని జనం రోడ్డెక్కారు. అర్ధ శతాబ్దం పైగా పనిచేసిన సంస్థకే ఒక కాగితం ఆగితే ఊపిరి ఆడలేదు. ఆర్డీటీ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించిందనాలి. ఇక్కడి దాతల్ని పెంచుకోవడానికి 'ఇండియా ఫర్ ఇండియా' అంటూ ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. ఊళ్లలోని కుటుంబాలు ఇంట్లో హుండీ పెట్టుకుని, చిల్లర వేసి, తమకన్నా కష్టంలో ఉన్న పిల్లలకోసం ఇచ్చాయి. ఒకప్పుడు సాయం పుచ్చుకున్న ఇళ్లే దాత ఇళ్లయ్యాయి. స్పెయిన్ డబ్బుతో పోలిస్తే ఆ మొత్తం చిన్నది. ఏ అనుమతీ ఆపలేని డబ్బు మాత్రం అదొక్కటే.

లెక్క వేసి చూద్దాం

తర్లగూడ లాంటి ఊరు, చుట్టూ ఉన్న గూడేలు కలిపి 300 ఇళ్లు అనుకుందాం. ఇది ఊహకోసం వేసుకున్న లెక్క.

ఇంటికి రోజుకో రూపాయి అయితే ఏడాదికి 1,09,500 రూపాయలు. పిడికెడు బియ్యం 50 గ్రాములనుకుంటే రోజుకి 15 కిలోలు, ఏడాదికి దాదాపు 55 క్వింటాళ్లు. వరద వచ్చినప్పుడు పట్నం లారీ కోసం ఎదురుచూడక్కర్లేని బియ్యం అది.

తునికాకు సంగతి చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో 50 ఆకుల కట్టలు వెయ్యి కలిపితే ఒక స్టాండర్డ్ బస్తా. 2024 నుంచి బస్తాకి 5,500 రూపాయలు ఇస్తున్నారు. ఒక ఇల్లు ఎండాకాలంలో రెండు బస్తాల ఆకు కోస్తే 11,000 చేతికొస్తుంది. అందులో వినోబా చెప్పిన నలభయ్యో వంతు 275 రూపాయలు. మూడు వందల ఇళ్లకి 82,500. ఇప్ప పూలు, చింతపండు, మిరప కోత కూలి ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఇవి పెద్ద మొత్తాలు కావు. ఒక ఆసుపత్రి కట్టలేవు, రోడ్డు వెయ్యలేవు. ఆ పనులు సర్కారువి, వాటిని సర్కారునే అడగాలి. ఊరి నిధి చెయ్యాల్సింది సర్కారు చేతికి అందనంత చిన్నవి, ఒక ఇల్లు మొయ్యలేనంత పెద్దవి. జబ్బు మనిషిని భద్రాచలమో వరంగలో తీసుకెళ్తే వైద్యం ఉచితంగా దొరకొచ్చు, వెంట వెళ్లినవాళ్ల పది రోజుల తిండికి ఎవరిస్తారు? అక్కడ మనిషి పోతే శవాన్ని రాష్ట్రం దాటించి ఊరికి తేవడానికి ప్రైవేటు బండివాడు అడిగే డబ్బుకి ఎద్దులు అమ్ముకోవాల్సి వస్తుంది. పరీక్ష రాయడానికి జిల్లా కేంద్రానికి వెళ్లాల్సిన పిల్లకి బస్సు చార్జీ, ఒక రాత్రి బస. జూన్‌లోనే కొని పెట్టుకోవాల్సిన టార్పాలిన్లు. దోమతెర చిరిగితే కొత్తది. ఇలాంటివాటికి దరఖాస్తు ఫారాలు ఉండవు. ఉన్నా, మంజూరయ్యేసరికి పని దాటిపోతుంది.

ఈ నిధి హద్దుకి రెండు వైపులకీ చెందాలి. కమిటీ బంధుత్వం ఉన్నంత మేర పనిచెయ్యాలి. తర్లగూడలో మొదలైన నిధి టేకులగూడెం చుట్టాన్ని కాదనకూడదు, వాజేడు మిరప తోటలో జ్వరపడ్డ బీజాపూర్ కూలీనీ కాదనకూడదు. సర్కారు చెయ్యలేని పని ఇదొక్కటే, ఊరు చెయ్యగలిగిందీ ఇదే.

చట్టం ఏమంటుంది

ఛత్తీస్‌గఢ్‌లో సంఘం పెట్టాలంటే 1973 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, తెలంగాణలో 2001 చట్టం. రెండు రాష్ట్రాల్లోనూ పనిచెయ్యాలంటే కంపెనీల చట్టం 2013లోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా నమోదవడం మరో దారి. దానికి ఖర్చు, కాగితాల పని ఎక్కువ. మొదటి రెండేళ్లు మహిళా సంఘం ఖాతాతోనో, చిన్న సొసైటీతోనో నడిపి, నమ్మకం కుదిరాక పెద్దది చేసుకోవడం మేలు.

పన్ను మినహాయింపు చూసి ఇచ్చే పట్నం దాతల కోసం సంస్థకి ఆదాయపు పన్ను శాఖ అనుమతి కావాలి. ఇన్నాళ్లూ 80జి పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు ఇదే. నగదు రూపంలో 2,000 రూపాయలు మించి ఇస్తే అది వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే రాదు. కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు తప్పనిసరి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఒక తేడా తెలుసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బుని ఒక సంస్థ మరో సంస్థకి ఇవ్వడం కూడా కుదరదు. అందుకే ఊరి నిధి పునాది ఊరి డబ్బుతోనే పడాలి. బయటి డబ్బు వస్తే అదనం, రాకపోతే ఆగిపోకూడదు.

నమ్మకం గోడ మీద రాయాలి

ఈ అడవిలో డబ్బు వసూలు అంటే జనానికి ఉన్న అనుభవం మంచిది కాదు. తునికాకు కాంట్రాక్టర్ల దగ్గర మావోయిస్టులు వసూళ్లు చేసేవారన్నది అందరికీ తెలిసిన సంగతి. పోలీసులకి ఏ చందా పుస్తకమైనా అనుమానమే. మధ్యలో ఊరివాడు ఇద్దరికీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. కాబట్టి ఇక్కడ నిధి పెట్టేవాళ్లు మొదటి రోజు నుంచీ పగటి వెలుగులో నడవాలి. డబ్బు బ్యాంకులో ఉండాలి. ఖాతా మీద కనీసం ముగ్గురి సంతకాలు ఉండాలి, వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు కమిటీలో ఉండకూడదు. ఎవరూ రెండుసార్లకి మించి కొనసాగకూడదు.

లెక్కలు చదివి వినిపించడం మనకి తెలిసిన విద్యే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. ఎవరి పేరున ఎంత రాశారో ఊరి నడుమ మైకులో చదివితే, పనిలోకి రాని మనిషి పేరు మస్టర్‌లో ఎలా ఎక్కిందో అక్కడికక్కడే తేలేది. ఊరి నిధికీ అదే మందు. మూడు నెలలకోసారి సంత రోజున లెక్క చదవాలి. పంచాయతీ గోడ మీద తెలుగులో, హిందీలో రాయాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, దేనికి పోయింది. సాయం పుచ్చుకున్నవాళ్ల పేర్లు మాత్రం గోడకి ఎక్కకూడదు. ఇచ్చినవాడికి గౌరవం ఎంత అవసరమో పుచ్చుకున్నవాడికి అంతకన్నా ఎక్కువ అవసరం.

నియమాలు ముందే రాసుకోవాలి. ప్రాణం మీదికి వస్తే ఎంతవరకూ ఇద్దరు సభ్యులు వెంటనే ఇవ్వొచ్చు, ఆపైన ఎవరు కూర్చుని తేల్చాలి, పెళ్లిళ్లకి, గుడికి, చర్చికి, పార్టీ సభలకి ఎందుకు ఇవ్వకూడదు. వచ్చినదాంట్లో ఎంత వంతు ఖర్చుపెట్టకుండా అసలుగా నిలపాలి. ఏటా నాలుగో వంతు నిలుపుకున్నా పదేళ్లకి వడ్డీతో చిన్న పనులు నడిచేంత మూలధనం ఊరికి మిగులుతుంది. పది లక్షలు నిలిస్తే ఆరు శాతం వడ్డీకి ఏటా 60,000 వస్తాయి. ఎవర్నీ అడగకుండా వచ్చే డబ్బు అది.

కష్టాలూ ఉంటాయి. మొదటి ఏడాది ఇచ్చినవాళ్లు రెండో ఏడాది ఇవ్వకపోవచ్చు. పెద్దమనుషుల చుట్టాలకే సాయం అందుతోందన్న మాట రావచ్చు, కొన్నిసార్లు అది నిజమూ కావచ్చు. ఊళ్లోని అతి బీద ఇల్లు పిడికెడు బియ్యం కూడా వెయ్యలేకపోవచ్చు. ఆ ఇంటికి కమిటీలో ఓటు ఉండాలి, వేసినవాళ్లతో సమానంగా. లేకపోతే ఇది చిట్ ఫండ్ అవుతుంది, ఫౌండేషన్ కాదు.

పట్నం దాతలు చెయ్యాల్సింది

ఈసారి గోదావరి పొంగినప్పుడు దుప్పట్ల లారీ కట్టేముందు హైదరాబాద్, వరంగల్ సంఘాలు, తానా, ఆటా లాంటి ప్రవాస సంస్థలు ఒక పని చెయ్యొచ్చు. ఏం కావాలో ఊరిని అడగొచ్చు. క్లీవ్‌లాండ్‌లో డబ్బుకన్నా ముందు సర్వే జరిగినట్టే, తర్లగూడలో కూడా ముందు ఇల్లిల్లూ తిరిగి ఒక జాబితా రాయించొచ్చు. అది రాయగల చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకి దోర్లీ, తెలుగు, హిందీ మూడూ వచ్చు.

ఆ తర్వాత ఒక మాట ఇవ్వొచ్చు: ఊరు వేసిన ప్రతి రూపాయికీ మేమొక రూపాయి వేస్తాం, ఊరు వెయ్యని ఏడాది మేమూ వెయ్యం. ఇది కఠినంగా అనిపించొచ్చు. కానీ ఉత్త చేతుల్లో పడ్డ దానం కన్నా, ఊరి రూపాయికి జతపడ్డ రూపాయికి కాపలా ఎక్కువ. తన సొమ్ము కలిసిన సంచిని ఎవరూ గాలికి వదలరు. ఎంత పంపామన్నది పట్నం దాతకి లెక్క కావచ్చు. ఊరికి మాత్రం, తానెంత వేసిందన్నదే లెక్క.

మొదలుపెట్టడానికి మంచి సమయం కూడా ఉంది. ఎండాకాలం చివర తునికాకు డబ్బు చేతికొచ్చాక, వానలు పడకముందు. ఇళ్లలో కాస్త డబ్బు ఉండే రోజులు అవే, వరదకి సిద్ధం కావాల్సిన రోజులూ అవే. పది ఇళ్లు ఒప్పుకుంటే చాలు, మూడు వందలూ ఒకేసారి రావాల్సిన పనిలేదు. ఒక పుస్తకం, ఒక బ్యాంకు ఖాతా, ముగ్గురు సంతకందార్లు కావాలి. ఆ పుస్తకంలో మొదటి పేజీ తర్లగూడ ఇళ్ల పేర్లతో నిండాలి. మీ పేరు రాయించుకోవాలనుంటే రెండో పేజీ ఉంది.